టోంగా రూమ్‌కి వెళ్ళే ముందు మనవాళ్ళు అడిగే డౌట్లు: శాన్ ఫ్రాన్సిస్కో పాత హోటల్ కింద ఉన్న ఆ చీకటి టికి రెస్టారెంట్ గురించి

బే ఏరియాకి ఎవరొచ్చినా "బేస్‌మెంట్ టూర్" అని చెప్పి వీకెండ్ ఒక సాయంత్రం ఈ టోంగా రూమ్‌కి తీసుకెళ్ళడం నాకు అలవాటైపోయింది. ఇక అప్పట్నుంచి వాట్సాప్‌లో అవే ప్రశ్నలు, మళ్ళీ మళ్ళీ. దెయ్యాలుంటాయా, తడుస్తామా, వెజ్ దొరుకుద్దా, అమ్మని తీసుకెళ్ళొచ్చా. ప్రతి ఒక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఒకేచోట రాసేశా, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళి చదువుకోండి.

## వెళ్ళే ముందు

అసలు టికి అంటే ఏంటి? హవాయి వంటల హోటలా?

కాదు. 1933 డిసెంబర్‌లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక హాలీవుడ్‌లో డాన్ ది బీచ్‌కాంబర్ అని ఒక బార్ వచ్చింది, వెదురు, తాటాకులు, వలలు, రమ్ కలిపిన డ్రింకులు. 1934లో ఓక్లాండ్‌లో విక్టర్ బెర్జెరాన్ అనే ఆయన చిన్న హోటల్ పెట్టాడు, అదే తర్వాత ట్రేడర్ విక్స్ అయింది. వీళ్ళిద్దర్నీ చూసి దేశమంతా మొదలెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసొచ్చిన సైనికులకి ఆ జ్ఞాపకాలు, 1959లో హవాయి రాష్ట్రం అవ్వడం, రెండూ కలిసి ఆ పిచ్చి ఇంకా ముదిరింది. తిండి చూస్తే ఎక్కువగా అమెరికా స్టైల్ చైనీస్. అంటే పసిఫిక్ దీవుల నిజం కాదు, అమెరికా వాళ్ళు కన్న పసిఫిక్ కల. ఇది గుర్తుపెట్టుకుని వెళ్తే కింద కనపడేవన్నీ బాగా అర్థమవుతాయి.

బేస్‌మెంట్ టూర్ అన్నావు కదా, టికెట్ ఎక్కడ కొనాలి?

టికెట్ లేదు, గైడ్ లేడు. ఫెయిర్‌మాంట్ హోటల్ కింద ఉన్న రెస్టారెంట్ అది, టేబుల్ బుక్ చేసుకుని కస్టమర్‌గా వెళ్ళి మన కళ్ళతో మనం తిరిగి చూడడమే టూర్. జనం లేని టైంలో అయితే పూల్ చుట్టూ ఒక రౌండ్ వేయండి, సర్వర్‌ని మర్యాదగా అడిగితే పాత కథలు చెప్తారు కూడా. కిచెన్ వైపు, స్టాఫ్ ఓన్లీ అని రాసున్న తలుపుల వైపు పోకండి, మా గ్యాంగ్‌లో ఒకడు "ఇక్కడేదో సొరంగం ఉన్నట్టుంది" అని ఒక తలుపు తోశాడు, చూస్తే లోపల నాప్‌కిన్‌ల స్టోర్ రూమ్.

నిజంగా దెయ్యాలున్నాయా?

లేవండి. ఉన్నాయంటే మీకు థ్రిల్లు, నాకు ఫాలోయింగు, కానీ లేవు. మరి అందరికీ ఎందుకు ఒళ్ళు జలదరిస్తుందంటే దాని వెనక పని ఉంది. కిటికీల్లేని హాలు, మసక వెలుతురు, మధ్యలో నల్లగా కనపడే నీళ్ళు, మూలల్లో చెక్కిన ముఖాలు, ఉన్నట్టుండి ఉరుము. కన్ను సరిగ్గా చూడలేనప్పుడు మిగతాది బుర్ర నింపేస్తుంది, చిన్నప్పుడు కరెంట్ పోయినప్పుడు దండెం మీద తువ్వాలు మనిషిలా కనపడేది కదా, అదే లెక్క. నా మట్టుకు దెయ్యం కోసం వెళ్ళేవాళ్ళకంటే ఈ పనితనం కోసం వెళ్ళేవాళ్ళకే ఇక్కడ డబ్బులు గిట్టుబాటు అవుతాయి.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు, తీసుకెళ్ళొచ్చా?

నేను మా అమ్మని తీసుకెళ్ళా. మొదట "ఈ చీకట్లో ఏంట్రా" అంది, వాన మొదలయ్యాక మాత్రం కుర్చీ తిప్పుకుని కూర్చుంది. బ్యాండ్ మొదలైతే గోల ఎక్కువ, మాటలు వినపడవు, అందుకని పెద్దవాళ్ళతో అయితే తెరవగానే వెళ్ళి బ్యాండ్ టైంకి బయటపడండి. చూపు తక్కువైతే నడిచేటప్పుడు చెయ్యి పట్టుకోండి, మెట్లూ అంచులూ ఆ వెలుతుర్లో సరిగ్గా తెలియవు.

చిన్న పిల్లలు భయపడతారా? అసలు రానిస్తారా?

రాత్రి ముదిరేకొద్దీ అది పూర్తిగా బార్ అయిపోతుంది, కాబట్టి పిల్లల విషయం బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో అడిగి వెళ్ళండి, గుమ్మం దగ్గర నిలబడి వాదించడం కంటే అది నయం. ఇక భయం అంటారా, ముందే "ఇప్పుడు ఉత్తుత్తి వాన వస్తుంది చూడు" అని చెప్తే పిల్లలే అందరికంటే ఎంజాయ్ చేస్తారు. చెప్పకుండా సర్‌ప్రైజ్ చేద్దామనుకుంటే మాత్రం ఉరుముకి ఏడుపు అందుకుంటారు.

ఏ రోజు, ఏ టైం?

సాయంత్రం తెరిచే టైంకి. వారం మొత్తం ఉంటుందనుకుని వెళ్ళకండి, హోటల్ సైట్‌లో ఆ వారం టైమింగ్స్ చూసి బుక్ చేయండి. బ్యాండ్ ఉన్న రాత్రి కవర్ ఛార్జ్, అంటే లోపలికి రావడానికి తీసుకునే డబ్బు, గురించి కూడా అప్పుడే అడగండి. శుక్ర, శని రాత్రులు జనం, బర్త్‌డే గుంపులు. ఆ జనంలో స్పూకీ లేదు ఏం లేదు, పెళ్ళి బంతి లాగా ఉంటుంది.

## దారి

కార్లో వస్తే పార్కింగ్ దొరుకుతుందా?

దొరుకుతుంది, రేటు చూస్తే ఏడుపొస్తుంది. రోడ్డు మీద పెట్టేవాళ్ళు, కారు ముందు భాగం వాలు కిందికి ఉంటే చక్రాలు కర్బ్ (రోడ్డు పక్క గట్టు) వైపు, పైకి ఉంటే రోడ్డు వైపు తిప్పి హ్యాండ్‌బ్రేక్ వేయండి, ఆ వాలు మామూలు వాలు కాదు, తిప్పకపోతే టికెట్ కూడా వేస్తారు. బ్యాగ్ ఒక్కటి కూడా సీట్లో కనపడకూడదు. మా ఫ్రెండ్ ఒకడు లాప్‌టాప్ బ్యాగ్ వెనక సీట్లో వదిలి అరగంటలో వద్దామని వెళ్ళాడు, వచ్చేసరికి అద్దం లేదు, బ్యాగ్ లేదు, అందులో పాస్‌పోర్ట్ కూడా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. నన్నడిగితే కార్ వద్దు.

మరి ఎలా రావాలి?

బార్ట్ రైల్లో వచ్చి ఎంబార్కడెరో స్టేషన్‌లో దిగి పైకొస్తే కాలిఫోర్నియా లైన్ కేబుల్ కార్ మొదలయ్యేది అక్కడే, అదెక్కితే నాబ్ హిల్ మీద హోటల్ దగ్గరే దింపుతుంది. యూనియన్ స్క్వేర్ నుంచి నడుద్దాం, మ్యాప్‌లో దగ్గరే చూపిస్తోంది అనుకుంటారు కొందరు. మ్యాప్‌లో ఎత్తు కనపడదు కదా. మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళకి ఓకే, హీల్స్ వేసుకున్నవాళ్ళకి మాత్రం గోవిందా. జులై అయినా సరే స్వెటర్ తెచ్చుకోండి, ఈ ఊరి సాయంత్రం చలికి నెలలతో సంబంధం లేదు.

అది నిజంగా భూమి కింద ఉందా?

సగం నిజం. హోటల్ కొండ మీద కట్టారు కాబట్టి మేసన్ స్ట్రీట్ వైపు మెయిన్ లాబీలోంచి చూస్తే అది కింద అంతస్తు, లిఫ్ట్‌లో టెర్రస్ లెవెల్‌కి దిగాలి. కొండ కిందికి వాలే వైపు నుంచి చూస్తే అదే అంతస్తు భూమికి పైన ఉంటుంది. మన సెల్లార్ లాగా పూర్తిగా పాతిపెట్టింది కాదు. కానీ లాబీలో పాలరాతి స్తంభాలు, బంగారు రంగు మెరుపులు అన్నీ చూసి లిఫ్ట్ దిగి, కార్పెట్ వేసిన మామూలు కారిడార్‌లో నడిచి, ఆ తలుపు దాటితే ఒక్కసారిగా చీకటి. ఆ మార్పు కోసమే నేనెప్పుడూ లాబీలోంచే తీసుకెళ్తా.

## దిగాక

లోపలికెళ్ళగానే ఏమీ కనపడదంట, నిజమా?

మొదటి రెండు మూడు నిమిషాలు అంతే. వెలుతుర్లోంచి వచ్చిన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కాబట్టి కూర్చోగానే ఫోన్ తీసి స్క్రోల్ చేయకండి, అలవాటైన కన్ను మళ్ళీ మొదటికొస్తుంది. కాసేపు ఊరికే కూర్చోండి, అప్పుడు ఒక్కొక్కటీ బయటపడతాయి, ముందు నీళ్ళు, తర్వాత ఓడ తాళ్ళు, స్తంభాలు, తర్వాత ఆ ముఖాలు. టికి బార్లన్నిటికీ కిటికీలంటే పడదు, బయట పగలో రాత్రో మీకు తెలియకూడదు, తెలిస్తే ఇంటికి పోతారు కదా.

మధ్యలో ఉన్నది ఉత్తుత్తి చెరువా, నిజంగా స్విమ్మింగ్ పూలా?

నిజంగా పూలే, ఈ కథ మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. 1929లో హోటల్ వాళ్ళు ఇక్కడ 75 అడుగుల ఇన్‌డోర్ స్విమ్మింగ్ పూల్ కట్టారు, ఫెయిర్‌మాంట్ ప్లంజ్ అనేవాళ్ళు, డబ్బున్నవాళ్ళు వచ్చి ఈతలు కొట్టిన చోటు. 1945లో ఎంజీఎం స్టూడియోలో సెట్లు వేసే మెల్ మెల్విన్ అనే ఆయన్ని పిలిచి దీన్ని రెస్టారెంట్‌గా మార్పించారు. ఆయనేం చేశాడంటే పూల్‌ని పూడ్చలేదు, దాన్నే సరస్సు చేసి చుట్టూ ఓడ డెక్ లాగా టేబుళ్ళు వేశాడు, ముందు పేరు ఎస్.ఎస్. టోంగా, అంటే ఓడ పేరే. తర్వాత తర్వాత రిపేర్లు, మార్పులు చాలా జరిగాయి కానీ ఆ నీళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు కాకుండా ఒక సినిమా ఆర్ట్ డైరెక్టర్ చేసిన గది అని తెలిశాక నాకు అన్నీ వేరేగా కనపడ్డాయి. ఏ టేబుల్ దగ్గర కూర్చున్నా చూపు నీళ్ళ మీదకే పోతుంది, వెనక గోడ ఎంత దూరమో తెలియదు. కెమెరా ఎక్కడ పెట్టాలో తెలిసినవాడి పని అది. పూల్ అంచు దగ్గరికెళ్ళి కిందికి చూడండి, గట్టు, లోతు, పొడవు అన్నీ ఈతకొలను కొలతలే, మేకప్ వెనక అసలు మొహం కనపడినట్టు ఉంటుంది. స్పూకీ అంటే నాకు ఆ క్షణమే.

వాన మన మీద పడుతుందా?

పడదు. పైన పైపుల్లోంచి నీళ్ళు పూల్‌లోకే పడతాయి, మన సినిమా వాన పాటలకి రెయిన్ సెట్ పెట్టినట్టే, కాకపోతే ఇక్కడ హీరోయిన్ తడవదు. అరగంటకి అటూ ఇటూగా ఒకసారి వస్తుంది, ముందు లైట్లు మిణుకుమంటాయి, మెరుపు, స్పీకర్లలో ఉరుము, ఆ తర్వాత వాన. పూల్ పక్క టేబుల్ అయితే ఒకటి రెండు తుంపర్లు, ఆ చల్లదనం తగలొచ్చు, పట్టుచీర అయితే రెండో వరుస అడగండి. ఫ్లాష్ లైట్లు పడని సమస్య ఉన్నవాళ్ళు, ఫిట్స్ ఉన్నవాళ్ళు మాత్రం ముందే స్టాఫ్‌తో మాట్లాడాలి.

బ్యాండ్ నీళ్ళ మీద తేలుతుందంటే నమ్మొచ్చా?

నమ్మండి. తాటాకు కప్పు వేసిన తెప్ప ఒకటి పూల్ మధ్యలోకి వస్తుంది, వాద్యాలతో సహా మనుషులు దాని మీదే. మా అమ్మ చూసి "ఇది తెప్పోత్సవమే కదరా, స్వామి ఒక్కడే తక్కువ" అంది, ఆ మాట తర్వాత నాకు అది వేరేలా కనపడడం మానేసింది. పాటలు మాత్రం పాత ఇంగ్లిష్ పార్టీ పాటలు, అన్నమయ్య కీర్తనలు ఎక్స్‌పెక్ట్ చేయకండి.

డాన్స్ ఫ్లోర్ నిజమైన ఓడ చెక్కతో చేశారా?

ఎస్.ఎస్. ఫారెస్టర్ అని, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి దక్షిణ సముద్ర దీవులకి కలప మోసిన తెరచాప ఓడ, దాని అవశేషాల్లోంచి చేసిందని హోటల్ వాళ్ళు చెప్పుకునే చరిత్ర. మొత్తం సెట్టింగ్‌లో నిజంగా ఆ దీవులు చూసొచ్చింది ఆ చెక్కేనేమో. దాని మీద నిలబడి ఒకసారి కాలితో తట్టి చూడండి, నేను ప్రతిసారీ తడతాను.

ఆ చెక్క బొమ్మలు దేవుళ్ళా? అక్కడ మందు తాగడం తప్పు కాదా?

మంచి ప్రశ్న, మా బావమరిది అడిగాడు. టికి అనే మాట మావోరీ, మార్కెసస్ దీవుల వాళ్ళది, వాళ్ళ కథల్లో మొదటి మనిషి పేరు కూడా, చెక్కిన పూర్వీకుల రూపాలకీ అదే మాట. బార్లలో ఉండేవి మాత్రం డెకరేషన్ కోసం చేసినవి, పది దీవుల పోలికలు కలిపేసినవి. టోంగా అనేది ఇప్పటికీ రాజు ఉన్న నిజమైన దేశం, ఈ గదికీ ఆ దేశానికీ పేరు తప్ప పెద్ద చుట్టరికం లేదు. మన ఊరి మొదట్లో ఉండే పోతురాజు కొయ్యని తీసుకెళ్ళి ఎక్కడో విదేశంలో బార్ మూలన నిలబెట్టి కళ్ళలో ఎర్ర బల్బులు పెడితే మనకెలా ఉంటుంది? పసిఫిక్ దీవుల వాళ్ళు కొందరికి అలాగే కష్టంగా ఉంటుంది, ఆ విషయం వాళ్ళు గట్టిగానే చెప్తున్నారు. నేను వెళ్ళడం మానలేదు కానీ ఆ బొమ్మల నోట్లో స్ట్రా పెట్టి సెల్ఫీ దిగే బ్యాచ్‌ని చూస్తే చిరాకేస్తుంది.

ఫోటోలన్నీ నల్లగా వస్తున్నాయి, ఏం చేయాలి?

ఫ్లాష్ ఆపేయండి, అది కొడితే సెట్ అంతా చచ్చిపోయి ప్లాస్టిక్ లాగా పడుతుంది. నైట్ మోడ్ పెట్టి ఫోన్‌ని టేబుల్ మీద గ్లాసుకి ఆనించి తీయండి. వానకి ఫోటో కంటే వీడియో నయం.

## తిండి, తాగుడు

నేను మందు తాగను, వెళ్ళి లాభమేంటి?

చూడ్డానికి వెళ్తున్నాం కదా. ఆల్కహాల్ లేకుండా చేసివ్వమంటే జ్యూసులతో చేసిస్తారు, గొడుగు కూడా పెడతారు. నేను డ్రైవర్ డ్యూటీలో ఉన్నప్పుడు అదే.

మై తై, జాంబీ ఏవేవో పేర్లు, ఏది తాగాలి?

మై తై 1944లో ట్రేడర్ విక్ తన ఓక్లాండ్ రెస్టారెంట్‌లో చేశానని చెప్పుకున్న డ్రింక్, రమ్, నిమ్మరసం, ఆరెంజ్ లిక్కర్, ఓర్జా అనే బాదం సిరప్. బాదం అలర్జీ ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, చాలా టికి డ్రింకుల్లో ఆ సిరప్ ఉంటుంది, పేరు చూస్తే తెలియదు. జాంబీ డాన్ ది బీచ్‌కాంబర్‌ది, 1934 నాటిది, మూడు రకాల రమ్ములు, మనిషికి రెండే అని ఆయన రూల్ పెట్టాడు. ఆ రూల్ ఊరికే పెట్టలేదు. పళ్ళరసాల తీపిలో రమ్ ఘాటు తెలియదు, జ్యూస్ తాగినట్టు గటగటా తాగేసి లేచి నిలబడ్డాక తెలుస్తుంది. పెద్ద గిన్నెలో నాలుగు స్ట్రాలతో వచ్చేది నలుగురికి, ఒక్కడికి కాదు.

ప్యూర్ వెజ్, ఏం తినాలి?

ముందు తిని వెళ్ళండి, ఇది నా మొదటి సలహా. అక్కడ తినాలంటే వెజ్ అని చెప్తే సరిపోదు, ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్, గుడ్డు వద్దు అని ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాలి, ఎందుకంటే ఫ్రైడ్ రైస్‌లో, నూడుల్స్‌లో మాంసం లేకపోయినా ఇవి ఉండొచ్చు. పూపూ ప్లాటర్ అంటే నవ్వకండి, హవాయి భాషలో పూపూ అంటే స్టార్టర్లు, కలగలుపు ప్లేట్, ఎక్కువగా నాన్‌వెజ్జే.

ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి ఏ ఐడీ కావాలి?

ఒరిజినల్ పాస్‌పోర్ట్. ఆధార్ కార్డు, ఫోన్లో ఫోటో నడవవు. కాలిఫోర్నియాలో తాగడానికి 21 నిండాలి, జుట్టు నెరిసినా అడుగుతారు, మా నాన్నని అడిగితే ఆయన వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

ఒక్కటే తాగాను, డ్రైవ్ చేయొచ్చా?

వద్దు. ఇక్కడి లిమిట్ 0.08 శాతం, టికి డ్రింక్ ఒక్కదాంట్లో రెండు మూడు పెగ్గుల రమ్ ఉండొచ్చు. పైగా హెచ్1బీ మీదో ఎఫ్1 మీదో ఉన్నవాళ్ళకి డీయూఐ కేసంటే, అంటే తాగి నడిపిన కేసంటే, ఫైన్‌తో పోదు, అరెస్టయితే చాలు వీసా రద్దు చేసే అవకాశం ఉంది. క్యాబ్‌కి ఎంతైనా ఇవ్వండి.

## పైకి వచ్చాక

హోటల్‌లో ఇంకేమైనా చూడాల్సింది ఉందా?

అందరూ కిందే చూసి వెళ్ళిపోతారు, నాకు పైనే ఎక్కువ ఇష్టం. 1906 ఏప్రిల్ 18న భూకంపం వచ్చేనాటికి ఈ హోటల్ కట్టడం దాదాపు అయిపోయింది, గోడలు నిలిచాయి కానీ తర్వాత వచ్చిన మంటల్లో లోపలంతా బూడిద. దాన్ని మళ్ళీ నిలబెట్టే పని జూలియా మోర్గన్ అనే ఆవిడ చేతికొచ్చింది, కాలిఫోర్నియాలో లైసెన్స్ తీసుకున్న మొదటి మహిళా ఆర్కిటెక్ట్, కాంక్రీట్ పనిలో దిట్ట. సరిగ్గా ఏడాదికి, 1907 ఏప్రిల్ 18న, హోటల్ తెరిచారు.

ఇంకోటి. 1945 వేసవిలో ఐక్యరాజ్యసమితి చార్టర్ రాసిన సదస్సు ఈ ఊర్లోనే జరిగింది, ఈ హోటల్ కూడా అందులో భాగం, గుర్తుగా ఫలకం ఉంది, ముందు జెండాలు ఎగురుతుంటాయి. ఆ సదస్సులో ఇండియా ప్రతినిధి బృందానికి నాయకుడు ఆర్కాట్ రామస్వామి మొదలియార్, ఆయన పుట్టింది, స్కూల్లో చదివింది మన కర్నూల్లో. అంటే కింద పూల్‌కి టోంగా వేషం వేసిన అదే ఏడాది కర్నూలు నుంచి వచ్చిన మనిషి ఈ ఊర్లో చార్టర్ మీద సంతకం పెట్టాడు. మా కర్నూలు ఫ్రెండ్‌కి ఈ ముక్క చెప్పినప్పట్నుంచి వాడు ఆ హోటల్‌ని "మా హోటల్" అంటున్నాడు.

దీన్ని మూసేస్తారని విన్నాను?

2009 ప్రాంతంలో కాండోలు, అంటే అమ్మకానికి ఫ్లాట్లు, కట్టే ప్లాన్ ఒకటి వచ్చింది, అందులో టోంగా రూమ్‌కి చోటు లేదు. ఊరి జనం గోల చేశారు, చారిత్రక ప్రదేశంగా చూడాలని వాదించారు, ఆ ప్లాన్ ముందుకు పోలేదు. అన్నిటికీ ఆ అదృష్టం లేదు. ఒహాయోలోని కొలంబస్‌లో కహీకి అని ఉండేది, 1961లో తెరిచారు, తిరగేసిన పడవ లాంటి కప్పు, గుమ్మానికి అటూ ఇటూ తలల మీద మంటలు మండే పెద్ద ముఖాలు. 1997లో జాతీయ చారిత్రక జాబితాలో కూడా ఎక్కింది. అయినా 2000లో కూల్చేసి ఆ స్థలంలో మందుల షాపు కట్టారు. జాబితాలో ఉంటే కాపాడతారు అనుకునేవాళ్ళకి అది పాఠం.

నేను బే ఏరియాలో లేను, నా దగ్గర్లో ఇలాంటిది ఏముంది?

చికాగో వాళ్ళకి త్రీ డాట్స్ అండ్ ఎ డాష్, 2013లో తెరిచింది, సందులోంచి వెళ్ళి వెలిగే పుర్రెల గోడ పక్కనుంచి మెట్లు దిగాలి, కిందికి దిగే భయం వరకూ చూస్తే అది టోంగా కంటే మెరుగు. జర్మనీలో ఉన్నవాళ్ళు మ్యూనిక్‌లో బయరిషర్ హోఫ్ హోటల్ బేస్‌మెంట్‌లో ట్రేడర్ విక్స్ చూడొచ్చు, 1971 నుంచి ఉంది. లండన్ వాళ్ళకి పార్క్ లేన్ హిల్టన్ కింద 1963 నుంచి ఒకటి ఉండేది, 2022 చివర్లో మూసేశారు, లేటయ్యారు. ఫ్లోరిడాలో మై కై 1956 నాటిది, బేస్‌మెంట్ కాదు కానీ గదుల్లోంచి గదుల్లోకి చీకట్లో తిరిగే పెద్ద కాంప్లెక్స్, 2020లో వానకి కప్పు కూలి మూతపడింది, 2024లో మళ్ళీ తెరిచారు. అక్కడికి నేనింకా వెళ్ళలేదు, ఆర్లాండోలో ఉన్న మా పిన్ని కూతురు పిలుస్తూనే ఉంది, ఈ డిసెంబర్‌కి టికెట్లు చూస్తున్నా.